రూతవ్వ బియ్యపు సంచి

నిన్న మధ్యాహ్నం భోజనం చేస్తుంటే అన్నంలో ఒక గింజ గట్టిగా పంటికి తగిలింది. చుట్టూ ఉన్న మెతుకులన్నీ మెత్తగా ఉడికాయి, అదొక్కటే పలుకుగా మిగిలిపోయింది. మా ఆవిడ కరుణ నా ముఖం చూసి, "పాత బియ్యం అయిపోవచ్చినయి, కొత్త సంచి ఇప్పి అండ్ల కలిపిన. ఏమనుకోకుండ్రి" అంది. నేనేమీ అనుకోలేదు. కాని చెయ్యి కంచంలో అలాగే ఆగిపోయింది. అరవై ఏళ్ల కిందట కరీంనగర్‌లో కిరోసిన్ స్టవ్వు మీద నేను వండుకున్న అన్నం రోజూ ఇలాగే ఉండేది. ఒకే గిన్నెలో కొంత చిమిడిపోయి, కొంత సరిగ్గా ఉడికి, కొంత పలుకుగా. ఇరవై మూడు ఇళ్ల బియ్యం ఒక్క సంచిలో పడితే అన్నం అట్లాగే అవుతుంది. ఆ సంచి మోసుకొచ్చిన మనిషి పేరు రూతవ్వ. ఆమెను కళ్లారా చూసినవాళ్లం ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిమే ఉన్నాం.

మాది పెద్దపల్లికి రెండు గంటల నడక దూరంలో ఉన్న ఊరు. ఊరికి అవతల, పొలాలు మొదలయ్యే చోట మా వాడ. మా తాతల కాలంలో మిషన్ వాళ్లు వచ్చినప్పుడు వాడలో ఇరవై మూడు ఇళ్లు క్రైస్తవంలో కలిశాయి. అప్పుడు మొదలైన ఆచారం ఒకటి మా ఇళ్లలో ఉండేది. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి, పొయ్యి పక్కనున్న చిన్న ముంతలో వేసేవారు. ఇంట్లో ఎంత తక్కువగా ఉన్నా ఆ గుప్పెడు దేవుడిదే. శనివారం సాయంత్రం రూతవ్వ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలన్నీ ఒంపుకునేది. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి ముందు ఆ బియ్యాన్ని వేలం వేసేవారు. వచ్చినదానితో దీపానికి నూనె, పాదిరి అయ్యగారు వచ్చిన రోజు ఆయనకు భోజనం, మిగిలితే గుడి మరమ్మతు. గుడి అంటే పెద్ద కట్టడమేమీ కాదు, మట్టి గోడలు, గూన పెంకుల కప్పు, ఒక చెక్క సిలువ.

రూతవ్వకు ఆ పని ఎవరూ ఒప్పజెప్పలేదు. ఆమె మాకు చుట్టమూ కాదు. భర్త పోయి, పిల్లలు లేక, కూలికి పోయి బతికే మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేది. చెప్పులు వేసుకోగా నేనెప్పుడూ చూడలేదు. అక్షరం ముక్క రాదు, కాని ఎప్పుడో మిషన్ దొరసాని నోట విని నేర్చుకున్న అధ్యాయాలకు అధ్యాయాలు ఆమె నాలుక మీద ఉండేవి. నాకు చదవడం వచ్చాక గుడిలో వాక్యం చదివే పని నాకు పడింది. ఒకసారి తొందరలో ఒక వరుస వదిలేసి చదివాను. వెనక నుంచి రూతవ్వ గొంతు వినిపించింది. "ఓ వాక్యం మింగినవ్ బిడ్డా. ఆకలైతుందా?" గుడంతా నవ్వింది. చదువు రాని మనిషి చదువుకున్నవాడి తప్పు పట్టుకోవడం ఆ రోజు నాకు సిగ్గనిపించింది గాని, ఇంటికి పోయాక పుస్తకం తీసి చూస్తే నిజంగానే ఒక వరుస పోయింది. ఆమె ముందు చదవాలంటే ఆ తర్వాత నాకు ఎప్పుడూ కొంచెం భయంగానే ఉండేది.

దారి దూరాన్ని కూడా ఆమె పాటల్లో కొలిచేది. మా వాడ నుంచి బస్సు ఆగే చోటికి నాలుగు పాటలు. పెద్దపల్లికి పద్నాలుగు. "గిదెంత దూరం, రెండు పాటలల్ల పోతం" అనేది. వినడానికి వింతగా ఉంటుంది గాని, నేను ఆమెతో నడిచి చూశాను. పాట పూర్తయ్యే సరికి సరిగ్గా మలుపు వచ్చేది.

నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాణ్ని. బాపు పేరు సమూయేలు. వ్యవసాయ కూలితో ఇల్లు గడవక బెల్లంపల్లి వెళ్లి బొగ్గుబాయిలో పనికి కుదిరాడు. ఆయన పంపేదానితోనే నేను పదకొండో తరగతి దాటి, కరీంనగర్‌లో మిషన్ హాస్టల్‌లో ఉండి కాలేజీలో చేరాను. పీయూసీ పరీక్షలు ఇంకా నెల ఉందనగా బాయిలో పైకప్పు కూలింది. బాపుతో పాటు మరో ఇద్దరు లోపల చిక్కుకున్నారు. అవ్వ, నేను, రూతవ్వ, ఇంకా వాడలోవాళ్లు కొందరం వెళ్లి బాయి దగ్గర కూర్చున్నాం. రెండు రోజులు ప్రార్థన చేస్తూనే ఉన్నాం. నేనంత గట్టిగా, అంత నమ్మకంగా ఇంకెప్పుడూ ప్రార్థన చేయలేదు. మూడో రోజు బాపును పైకి తెచ్చారు. ముఖం కడిగితే గాని గుర్తుపట్టలేకపోయాం.

పాదిరి అయ్యగారు దేవుని చిత్తం అన్నారు. చుట్టాలు కూడా అదే మాట అన్నారు. నాకు లోపల ఏదో తెగిపోయింది. సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తూ రూతవ్వను అడిగాను. "మనం గంత మొత్తుకుంటిమి గదా రూతవ్వా. ఆయనకు ఇనబడలేదా?" ఆ దారిలో ఆమె పాడకుండా నడవడం నేను మొదటిసారి చూశాను. చివరికి, "నాకు తెల్వది బిడ్డా" అంది. "తెల్సినట్టు చెప్పేటోళ్లు చెప్తరు. నాకైతే తెల్వది." ఆ రోజు నాకు చెప్పిన ఓదార్పు మాటలన్నీ మరిచిపోయాను. ఈ ఒక్కటే గుర్తుంది.

ఆ ఎండాకాలమే ఇంకో దెబ్బ తగిలింది. మిషన్ దొరలు ఒక్కరొక్కరే సొంత దేశాలకు వెళ్లిపోతున్న రోజులవి. మిషన్ హాస్టల్ మూతపడింది. అవ్వ నాటుకు, కలుపుకు పోతే వచ్చేది ఇద్దరి తిండికే చాలదు. బాపు చోట బాయిలో పని ఇస్తామని బెల్లంపల్లి నుంచి కబురు వచ్చింది. అవ్వ ఆ కబురు తెచ్చిన మనిషికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. "ఒకన్ని మింగింది సాలదా" అని తలుపేసుకుంది. నాకూ ఆ బాయిలో దిగే ధైర్యం లేదు. అప్పుడు వాడలోవాళ్లు గుడి ముందు కూర్చుని ఒక మాట అనుకున్నారట. గుడి బియ్యం ఇకనుంచి వేలం వేయొద్దు, ప్రకాశం చదువు అయ్యేదాకా వాడికే పోవాలె అని. ప్రకాశం అంటే నేనే. ప్రతి సోమవారం మొదటి బస్సుకు రూతవ్వ సంచి నెత్తిన పెట్టుకుని కరీంనగర్ వచ్చేది. నేను డిగ్రీలో చేరి, ఒక సాలెల ఇంటి వెనక గదిలో ఉండేవాణ్ని. మగ్గం చప్పుడు మధ్యలో ఆమె గొంతు వినబడగానే స్టవ్వు వెలిగించేవాణ్ని. పలుకు పంటికి తగిలినప్పుడల్లా ఇది ఎవరి ఇంటి గింజో అనుకుంటూ తినడం అలవాటైంది.

బియ్యం కడుపు నింపుతుంది గాని ఫీజు కట్టదు. కాలేజీలో షెడ్యూల్డు కులాల పిల్లలకు సర్కారు స్కాలర్‌షిప్ ఉంది. కాని క్రైస్తవులకు వర్తించదు. మతం మారితే వెనకబాటు పోయినట్టేనని ఆ నియమం రాసినవాళ్లు అనుకున్నారు కాబోలు. ఊరి బావి దగ్గర మేము ఎంత దూరంలో నిలబడాలన్నది మాత్రం మా తాతల నాటి నుంచి అంగుళం మారలేదు. అది న్యాయమని నేను ఇప్పటికీ అనుకోను. కాలేజీ గుమాస్తా మంచివాడు. "మతం కాడ హిందూ అని రాయి తమ్మీ, అందరు గట్లనే రాస్తుండ్రు" అని గొంతు తగ్గించి చెప్పాడు. రాశాను. మతం గడిలో హిందూ అని రాసి, తండ్రి పేరు గడిలో సమూయేలు అని రాశాను. నా తెలివి అట్లా ఏడ్చింది. బాపు పేరు మార్చి రాయాలన్న ఆలోచనే నాకు రాలేదు. దరఖాస్తు తిరిగి తిరిగి తాలూకా కచ్చేరికి పోయి, అక్కడ ఎవరి కంట్లోనో పడి, ఊళ్లో విచారించి రమ్మని గిర్దావర్‌కు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, అప్పజెప్పారు.

ఆయన వచ్చిన రోజు శనివారం. నన్ను కూడా ఇంటికి రమ్మని కబురు పంపారు. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీని వెంటబెట్టుకుని, సైకిల్ చింతచెట్టుకు ఆనించి, ఆయన మా వాడ మధ్యలో మంచం మీద కూర్చున్నాడు. వాడలోవాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. నిజం చెబితే నా చదువు పోతుంది, అబద్ధం చెబితే పట్వారీకి తెలుసు. అదే సమయానికి రూతవ్వ సంచితో బియ్యానికి బయలుదేరింది. గిర్దావర్ ఆమెను పిలిచాడు. కఠినమైన మనిషి కాదు, కాగితం మీద రాసుకోవడానికి ఒక్క మాట కావాలి ఆయనకు.

"ఏమ్మా, ఈళ్ల గుడికి నువ్వే పెద్దవట గదా. గీ పిలగాడు కిరస్తానా? జర నిజం చెప్పు."

"నేను కిరస్తానీని సారూ. నా సంగతి రాస్కో. పిలగాని సంగతి పిలగాన్నే అడుగు."

"నీకు తెల్వదా?"

"గుడికి అచ్చుడు తెల్సు, పోవుడు తెల్సు. లోపల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది? గది ఒకలది ఇంకొకలు చెప్పే ముచ్చట కాదు."

గిర్దావర్ నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచేలోపు రూతవ్వ సంచి కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. అందరికీ వినబడేటట్టే చెప్పింది. "ప్రకాశం, నువ్వు ఏం చెప్పినా సరే, సోమవారం బియ్యం నీ కాడికస్తయి. గది మనసుల వెట్టుకొని చెప్పు."

నేను హిందువునన్నాను. అబద్ధం చెప్పానని వాడంతటికీ తెలుసు. నాకు మాత్రం అంత కచ్చితంగా తెలియదు. బాపును బాయిలోంచి తెచ్చిన రోజు నుంచి నేనెవరినో నాకే తెలియదు. గిర్దావర్ రాసుకున్నాడు. తండ్రి పేరు సంగతి ఆయనా ఎత్తలేదు, పట్వారీ ఎత్తలేదు. రూతవ్వ సంచి ఎత్తుకుని పక్కింటికి పోయింది. ఆ ఇంటి ముంతలోంచి బియ్యం సంచిలో పడుతున్న చప్పుడు నాకు వినబడింది.

ఆమె రాకూడదని ఆ సోమవారం పొద్దున నేను కోరుకున్నాను. వస్తే ముఖం ఎట్లా చూపించాలో తెలియక. మగ్గం చప్పుడులో ఆమె గొంతు వినబడింది. ఎప్పటిలాగే వచ్చింది, సంచి దించింది, చెంబెడు నీళ్లు తాగింది.

"ఎందుకు తెచ్చినవ్ రూతవ్వా?" అన్నాను.

"ఎందుకేంది? తినవా?"

"అందరి ముంగట గట్ల అంటి గదా."

ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. "ప్రభువు ఎంబడి అన్ని ఊర్లు తిరిగిన శిష్యుడే, చలిమంట కాడ ఓ పనిపిల్ల అడిగితే ఆయనెవలో నాకు తెల్వదన్నడు. మూడుసార్లన్నడు. నువ్వు ఒక్కసారే అన్నవు. ఇంక రెండున్నయి నీకు. లే, ఎసరు వెట్టు."

లేచి ఎసరు పెట్టాను. "నీకు కోపం రాలేదా?" అని అడిగాను. "అచ్చింది" అంది. "ఇయ్యాల బస్సు కాడికి నడుస్తుంటె ఉండె. మూడు పాటలదాకా ఉన్నది. నాలుగో పాటకు పోయింది." తాను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఆమె అన్న మాట కాదది. కోపం వచ్చిందని ఎంత మామూలుగా చెప్పిందో పోయిందని కూడా అంతే మామూలుగా చెప్పింది. అప్పుడు నాకు ఆమె అంటే ఒక రకమైన భయం వేసింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేనిదేదో ఆ చదువురాని మనిషి దగ్గర ఉందని భయం.

స్కాలర్‌షిప్ మంజూరైంది. ఇక బియ్యం అక్కర్లేదు రూతవ్వా అని చెప్పాను. "గది సర్కారు ఇచ్చింది. గిది మనోళ్లిచ్చింది. రెండు ఒకటెట్లయితయి?" అంది. సంచి ఆగలేదు. నేను మాత్రం గుడికి పోవడం మానేశాను. ఊరికి వెళ్లినా ఆదివారం ఇంట్లోనే ఉండేవాణ్ని. ఆమె ఒక్కసారి కూడా ఎందుకు రాలేదని అడగలేదు.

రెండో ఏడు వానాకాలంలో అవ్వకు జ్వరమని తెలిసి ఊరికి వెళ్లాను. స్కాలర్‌షిప్ కొనసాగింపు కాగితం కూడా వెంట తీసుకెళ్లాను, పట్వారీ సంతకం కావాలి. ఆదివారం పొద్దున ముసురు పట్టింది. జ్వరం తగ్గలేదు, అయినా అవ్వ గుడికి పోతానని పట్టుపట్టింది. ఒంటరిగా నడవలేదు కాబట్టి, గుడి గడప దాకా దింపి, అటు నుంచి అటే పట్వారీ ఇంటికి పోదామని సంచి భుజాన వేసుకుని బయలుదేరాను.

గడప దగ్గరికి వచ్చేసరికి లోపల నుంచి పాట, పాట కింద ఇంకేదో టకటకమనే చప్పుడు వినిపించాయి. తొంగి చూశాను. గుడంతా ముంతలే. ఇళ్లలో పొయ్యి పక్కన బియ్యం వేసే ఆ చిన్న ముంతలనే ఎవరివి వాళ్లు తెచ్చుకుని, కప్పు కారుతున్న చోటల్లా పెట్టుకున్నారు. వాటి మధ్య ఖాళీల్లో, తడిసిన కొంగులతో, పిల్లల్ని ఒళ్లో దాచుకుని కూర్చుని పాడుతున్నారు. ఒక ముంత నిండగానే పాట ఆపకుండానే ఎవరో లేచి బయట పారబోసి మళ్లీ అక్కడే పెడుతున్నారు. "ఇదేంది, ఇట్ల కారుతుంది?" అని అవ్వను అడిగాను. "పోయిన ఎండకాలమే పెంకులు ఏపిద్దమనుకున్నరు. బియ్యం నీ కాడికి పోతున్నయి గదా" అంది అవ్వ. ఫిర్యాదులా కాదు, అడిగాను కాబట్టి చెప్పింది. ఇంతకాలం నాకు ఒక్కరు కూడా ఆ మాట చెప్పలేదు.

మూలన ఒకే ఒక్క చోట కప్పు కారడం లేదు. రూతవ్వ అక్కడ కూర్చుని ఉంది. నన్ను చూసింది. పాడుతూనే లేచి, నా భుజానున్న సంచి వైపు చూపించి, ఆ చోటు చూపించింది. నేను కదలకపోతే దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "సంచిల కాయితాలున్నట్టున్నయి. తడుస్తయి. గక్కడ కూసో."

ఆ కాగితం ఏమిటో ఆమెకు తెలుసు. పోయిన ఏడు ఇదే నెలలో అలాంటి కాగితం కోసమే గిర్దావర్ వచ్చాడు. నేను ఇంకోసారి కాదని రాయబోయే కాగితం తడవకుండా ఉండాలని ఆమె తన పొడి చోటు నాకు ఇచ్చి, వెళ్లి కారే చోట కూర్చుంది. నీళ్లు ఆమె భుజం మీద పడుతున్నాయి. పాట తప్పలేదు. నేను ఆ మూలన కూర్చుని సంచి గుండెలకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ముంతల చప్పుడులో ఎవరికీ వినబడలేదనుకుంటాను.

బాపు గురించి నేను అడిగిన ప్రశ్నకు ఆ రోజూ జవాబు దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు. కాని నేనెవరివాణ్ని అన్నదానికి దొరికింది. పట్వారీ ఇంటికి పోలేదు. కరీంనగర్ వెళ్లి ఆ కాగితం మీద మతం గడిలో క్రైస్తవుడు అని రాసి గుమాస్తాకు ఇచ్చాను. ఆయన నా ముఖం వైపు, కాగితం వైపు రెండుసార్లు చూసి, "పరేషాన్ అయితవ్ తమ్మీ" అన్నాడు. హిందూ అని రాసి చదువుకున్న నా స్నేహితులెవరినీ నేను తప్పుపట్టలేదు. వాళ్ల కడుపులు, వాళ్ల ఇళ్లు వాళ్లకు తెలుసు. నాకు మాత్రం ఇక చెయ్యి రాలేదు.

ఆ పై వారం సోమవారం రూతవ్వ రాగానే చెప్పాను. మెచ్చుకుంటుందని, కళ్లనీళ్లు పెట్టుకుంటుందని, కనీసం నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుందని అనుకున్నాను. ఆమె సంచి దించి, ఖాళీ చేసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గట్లనా" అంది. "అయితే సంచి పెద్దది కుట్టాలె."

కుట్టింది కూడా. తన పాత చీర కొంగు చింపి పాత సంచికి అడుగున అతికింది. మిగిలిన రెండేళ్లూ పొద్దున ఒక బట్టల దుకాణంలో పద్దులు రాసి, సాయంత్రం పిల్లలకు చదువు చెప్పి ఫీజు కట్టుకున్నాను. బాయి పనికి మాత్రం పోలేదు. అన్నం కోసం ఒక్క పూట కూడా చెయ్యి చాపలేదు. నేను బడిపంతులునైన రెండో ఏడు గుడికి కొత్త పెంకులు పడ్డాయి. రూతవ్వ ఆ కప్పు కింద ఒక్క వానాకాలమే కూర్చుంది. ఆమె పోయిన రోజు ఇంట్లో పొయ్యి పక్కన చూస్తే ముంతలో ఆ పూట గుప్పెడు ఉంది. వాడలో ఇంకో పిల్లవాడు అప్పటికి కాలేజీలో చేరాడు. ఆ గుప్పెడు వాడికే పోయింది.

ముప్పై ఏళ్లు పంతులుగా చేశాను, పదేళ్లు హెడ్మాస్టరుగా. పిల్లలు తప్పు చేసి నా ముందు నిలబడినప్పుడు, వాళ్ల తరఫున చెప్పడానికి పెద్దవాళ్లు వచ్చేవారు. వాణ్నే చెప్పనివ్వండి అనేవాణ్ని. కాని అడిగే ముందు ఆ పిల్లవాడితో ఒక మాట చెప్పేవాణ్ని, నువ్వు ఏం చెప్పినా రేపు నీ బెంచీ నీకుంటుంది అని. ఆ వరుస నేను ఎన్నడూ తప్పలేదు. ముందు బెంచీ, తర్వాతే ప్రశ్న. కొందరు నిజం చెప్పారు, కొందరు అబద్ధం చెప్పారు. అబద్ధం చెప్పినవాళ్లలో కొందరు ఏళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చారు.

నిన్న ఆ పలుకు నోట్లో పెట్టుకుని అలా కూర్చుండిపోతే కరుణ కంగారు పడింది. "పన్ను కదిలిందా? తీసి పక్కన వెట్టుండ్రి" అంది. కదల్లేదన్నాను. ఆ గింజను నమిలి మింగి, రేపు కూడా రెండు బియ్యాలూ కలిపే వండమని చెప్పాను.